విరిగిపోయిందన్న ఎజెక్టర్ విరగలేదు: 1950 నాటి మార్లిన్ 39ఏ కేస్ స్టడీ

ఈ కేస్‌లో ముందే చెప్పేయాల్సింది ఏంటంటే, చివరికి కొత్తగా వేసిన పార్టు ఒక్కటి కూడా లేదు. ఈ మార్లిన్ 39ఏ, అంటే లివర్‌తో ఆడించే .22 రైఫిల్, నా దగ్గరికి వచ్చేటప్పటికి వేరే షాపులో దానికి మరణ ధృవీకరణ పత్రం ఇచ్చేశారు, ఎజెక్టర్ (ఖాళీ షెల్‌ని బయటికి విసిరే ముక్క) విరిగింది, ఛాంబర్ (బ్యారెల్ వెనక తూటా కూర్చునే చోటు) అరిగింది, బ్యారెల్ మారిస్తే తప్ప లాభం లేదు, ఇంత పాతదానికి పార్టులు ఎక్కడ దొరుకుతాయి, గోడకి తగిలించుకోండి అని. ఆ మూడు మాటల్లో ఒక్కటి కూడా నిజం కాదు. అందుకే ఇది రాస్తున్నా, పాత పాయింట్ టూటూ (.22) రైఫిల్ ఎవరి దగ్గరైనా ఉంటే పార్టు కోసం పరిగెత్తే ముందు ఏం చూడాలో ఒక వరస తెలుస్తుందని.

నేను ఒహాయోలో ఒక చిన్న రిపేర్ షాపులో గన్‌స్మిత్ పని చేస్తా. మనవాళ్ళలో ఈ పనిలో ఉన్నవాళ్ళు తక్కువ కాబట్టి ఎక్కడికెళ్ళినా "తుపాకులు రిపేర్ చేస్తావా నువ్వు" అని ఓ చూపు చూస్తారు, అలవాటైపోయింది. మన దగ్గర ఎన్‌సీసీ చేసినవాళ్ళకి పాయింట్ టూటూ అంటే కొత్తగా చెప్పక్కర్లేదు, క్యాంపులో బోర్లా పడుకుని పేల్చింది అదే తూటా, కాకపోతే అక్కడిది బోల్ట్ యాక్షన్, గుండు గుండుకీ బోల్ట్ చేత్తో లాగి తొయ్యాలి. ఇక్కడ ట్రిగ్గర్ గార్డ్ కిందున్న లివర్‌ని కిందకి దించి పైకి లాగితే చాలు, ఖాళీ షెల్ బయటికి పోయి కొత్తది లోపలికి వచ్చి హ్యామర్ కూడా లేచి కూర్చుంటుంది. ఈ తూటా రిమ్‌ఫైర్ రకం, అంటే అడుగున మధ్యలో ప్రైమర్ (నిప్పంటించే బిళ్ళ) ఉండదు, అడుగున చుట్టూ ఉండే అంచు లోపల మందు పూసి ఉంటుంది, ఫైరింగ్ పిన్ ఆ అంచుని నొక్కితేనే పేలుతుంది. ఈ ముక్క గుర్తుపెట్టుకోండి, మిస్‌ఫైర్ల దగ్గర పనికొస్తుంది.

రైఫిల్ ఓనర్ ఒక రిటైర్డ్ టీచర్, పెద్దావిడ. వాళ్ళ నాన్నది. ఆయన పొలం, పశువుల కొట్టం ఉన్న మనిషి, కొట్టంలో ఎలకలకీ, చలికాలం ఉడతల వేటకీ అదే వాడేవాడట. ఆయన పోయాక బీరువాలో ఉండిపోయింది, ఇప్పుడు మనవడు కాల్చడం నేర్చుకుంటానంటే తీశారు. ఆవిడ చెప్పిన కంప్లయింట్లు: ఖాళీ షెల్ బయటికి రాకుండా లోపలే అడ్డం పడుతుంది, లాంగ్ రైఫిల్ తూటాలు (.22లోనే షార్ట్ కంటే పొడుగు రకం) పేల్చాక లివర్ బిగుసుకుంటుంది, అప్పుడప్పుడు క్లిక్ మని ఊరుకుంటుంది, పైగా మధ్యలో పట్టుకుంటే రైఫిల్ కిటకిటమని ఊగుతుంది. నేను అడిగిన మొదటి ప్రశ్న నాన్నగారు ఏ తూటాలు వాడేవారు అని. "షార్ట్స్, ఎప్పుడూ షార్ట్సే, చవగ్గా వచ్చేవి, చప్పుడు తక్కువ, పశువులు బెదరవు" అంది. సగం కేస్ అక్కడే తేలిపోయింది, అయినా చూడకుండా చెప్పకూడదు కదా.

ఇక్కడ తుపాకులు రిపేర్ చేసే షాపుకి ఫెడరల్ లైసెన్స్ ఉండాలి, తుపాకీ రాత్రి ఉంచుకుంటే రిజిస్టర్‌లో రాసుకోవాలి, కస్టమర్ ముందే చేసి అదే రోజు ఇచ్చేస్తే రాయక్కర్లేదు. ఇది ఒక రోజులో తేలే పని కాదని అర్థమై రిజిస్టర్‌లో ఎక్కించా. తర్వాత ఖాళీయో కాదో చూడటం. ట్యూబ్ మ్యాగజైన్ ఉన్న రైఫిల్‌లో లివర్ నాలుగు సార్లు ఆడించి ఏమీ రాలేదు కాబట్టి ఖాళీ అనుకోవడం చాలా ప్రమాదం, స్ప్రింగ్ ఇరుక్కుంటే తూటా ట్యూబ్‌లోనే ఆగిపోయి తర్వాత ఎప్పుడో కదులుతుంది. అందుకని లోపలి ట్యూబ్ మొత్తం బయటికి లాగేసి, మూతి కిందకి వంచి తట్టి, ఛాంబర్‌లో వేలు పెట్టి చూసి, క్యారియర్ (తూటాని ఛాంబర్ దాకా ఎత్తే ముక్క) మీద టార్చ్ వేసి చూసి అప్పుడే బెంచ్ మీద పెడతా. ఈ రైఫిల్‌కి వేరే సేఫ్టీ బటన్ కూడా లేదు, హ్యామర్‌ని సగం దూరంలో పట్టి ఆపే హాఫ్ కాక్ గాడి ఒక్కటే ఆధారం, అది పట్టి ఉందో లేదో హాఫ్ కాక్‌లో పెట్టి ట్రిగ్గర్ నొక్కి చూశా, గట్టిగానే ఉంది.

ఇక ఇది ఎప్పటిదో చూద్దాం. సీరియల్ నంబర్ ముందు జీ అక్షరం ఉంది. యుద్ధం తర్వాత మార్లిన్ వాళ్ళు సంవత్సరానికో అక్షరం వాడారు, సీ అంటే 1946, డీ 1947, అలా జీ అంటే 1950 వస్తుంది. 1973 నుంచి వచ్చిన వాటికి ఇంకో చిట్కా, సీరియల్‌లో మొదటి రెండంకెలు 100లోంచి తీసేస్తే సంవత్సరం, 27తో మొదలైతే 1973 అన్నమాట. బ్యారెల్ మీద రిసీవర్ (యంత్రాంగం ఉండే మధ్య భాగం) దగ్గర చిన్న కోడిగుడ్డు ఆకారంలో జేఎం ముద్ర ఉంది, జాన్ మార్లిన్ పేరులో అక్షరాలు. కలెక్టర్లు ఈ ముద్ర కోసమే పడి చస్తారు, ఎందుకో కింద చెప్తా.

ఈ రైఫిల్ చరిత్ర కొంచెం పొడుగ్గానే చెప్తా, ఎందుకంటే రిపేర్‌లో తీసుకునే నిర్ణయాలు సగం దాని మీదే ఆధారపడి ఉంటాయి. జాన్ మహ్లాన్ మార్లిన్ 1870లో కనెక్టికట్‌లోని న్యూ హేవెన్‌లో కంపెనీ పెట్టాడు, విన్‌చెస్టర్ వాళ్ళు ఉన్న ఊళ్ళోనే. .22 షార్ట్ తూటా అంతకు ముందే 1857లో స్మిత్ అండ్ వెస్సన్ వాళ్ళ చిన్న రివాల్వర్‌తో వచ్చింది, .22 లాంగ్ రైఫిల్ 1887లో స్టీవెన్స్ వాళ్ళది. లివర్ యాక్షన్‌లో పాయింట్ టూటూ మొదట తెచ్చింది విన్‌చెస్టర్, వాళ్ళ 1873 మోడల్‌ని 1884 నుంచి .22లో అమ్మారు, కానీ షార్ట్‌కి వేరే, లాంగ్‌కి వేరే, ఒకదాంట్లో ఇంకోటి ఆడదు. మార్లిన్‌లో లూయిస్ హెప్‌బర్న్ అనే డిజైనర్ ఉండేవాడు, ముందు రెమింగ్టన్‌లో పనిచేసి వచ్చాడు, ఆయన చేసిన 1891 మోడల్ గొప్పతనం ఏంటంటే షార్ట్, లాంగ్, లాంగ్ రైఫిల్ మూడూ కలగాపులగంగా పోసినా లాగించేస్తుంది. పొడుగు వేరైన తూటాల్ని ఒకే క్యారియర్ ఛాంబర్‌కి అందించడం తేలికైన పని కాదు, ఇప్పటికీ చాలా ఆటోమేటిక్ .22లు ఆ పని చెయ్యలేవు. గురికి పేరుపడ్డ షూటర్ ఆనీ ఓక్లీ తన ప్రదర్శనల్లో మార్లిన్ .22లు వాడింది, కంపెనీ ఆ పేరుని తర్వాత చాలా ఏళ్ళు వాడుకుంది.

1897 మోడల్‌తో టేక్‌డౌన్ వచ్చింది, అంటే కుడి పక్కనున్న పెద్ద స్క్రూ విప్పితే రైఫిల్ రెండు ముక్కలైపోతుంది, పనిముట్లు ఏమీ అక్కర్లేదు, చిల్లర నాణెం ఉంటే చాలు. మొదటి ప్రపంచ యుద్ధంలో కంపెనీ చేతులు మారి మార్లిన్ రాక్‌వెల్ అయ్యి మెషిన్ గన్స్ చెయ్యడంలో పడిపోయింది, ఈ రైఫిళ్ళు ఆగిపోయాయి. యుద్ధం అయ్యాక 1920ల మొదట్లో అదే 1897 చిన్న మార్పులతో మోడల్ 39 అయ్యింది. కంపెనీ మళ్ళీ మునిగి 1924లో వేలానికొస్తే ఫ్రాంక్ కెన్నా అనే లాయర్ 100 డాలర్లకి పాడుకున్నాడు, వినడానికి చవకబేరం లాగే ఉంటుంది గానీ దానితో పాటు లక్ష డాలర్ల తనఖా కూడా నెత్తినేసుకున్నాడు. ఆ కెన్నాల ఇల్లే తర్వాత 80 ఏళ్ళకి పైగా నడిపింది.

రిపేర్ చేసేవాడికి పనికొచ్చే ముక్క ఇక్కడుంది. మోడల్ 39 తొలి రోజుల్లో వచ్చిన వాటి బోల్టులు అప్పటి మామూలు తూటాలకి సరిపోయేలా చేసినవి, 1930లలో హై స్పీడ్ తూటాలొచ్చాక అవి పగలడం మొదలైంది. దాంతో బోల్ట్ గట్టిపరిచి సీరియల్ ముందు హెచ్‌ఎస్ అని కొట్టారు. అందుకే ఎవరైనా మోడల్ 39 తెస్తే నేను ముందు ఆ రెండక్షరాలే చూస్తా, లేకపోతే స్టాండర్డ్ వెలాసిటీ (మామూలు వేగం) తూటాలు తప్ప ఇంకోటి పొయ్యొద్దని కాగితం మీద రాసి మరీ ఇస్తా. 1939లో 39ఏ వచ్చింది, దీనికి ఆ బాధ లేదు. మొదట్లో వాటికి రిసీవర్ రంగురంగుల కేస్ హార్డెనింగ్‌తో (పైపొర గట్టిపరిచే పద్ధతి) ఉండేది, యుద్ధం తర్వాత వచ్చినవి మామూలు బ్లూయింగ్ (ఉక్కుకి పట్టించే నీలి నలుపు రంగు). 1953లో మైక్రో గ్రూవ్ రైఫ్లింగ్ తెచ్చారు, బ్యారెల్ లోపల లోతైన గాడులు ఆరేడు కాకుండా లోతు తక్కువగా 16 గాడులు. మన కేస్‌ది 1950ది కాబట్టి లోతు గాడుల పాత బ్యాలర్డ్ రైఫ్లింగే, సీసం గుళ్ళతో నాకైతే ఇదే ఇష్టం, మైక్రో గ్రూవ్ వాళ్ళు కొట్టడానికి వస్తారని తెలుసు. 1988లో హ్యామర్ బ్లాక్ సేఫ్టీ (హ్యామర్‌ని అడ్డుకునే బటన్) చేర్చారు. 2007 చివర్లో కంపెనీని రెమింగ్టన్ కొనేసింది, ఆ తర్వాత నార్త్ హేవెన్ ఫ్యాక్టరీ మూసి మిషన్లు న్యూయార్క్‌లోని ఇలియన్‌కి తరలించారు, చేతి అంచనాతో అరగదీసి కూర్చోబెట్టే పాతకాలపు పనివాళ్ళు అక్కడికి వెళ్ళలేదు, 39ఏ మామూలు ప్రొడక్షన్ ఆగిపోయింది. అందుకే కనెక్టికట్‌లో పడిన జేఎం ముద్రకి అంత గిరాకీ. 2020లో రెమింగ్టన్ దివాలా తీశాక మార్లిన్ పేరు రూగర్ చేతికి వచ్చింది.

ఆపకుండా తయారైన రైఫిళ్ళలో ఇదే ప్రపంచంలో పాతది అని ఒక మాట ప్రచారంలో ఉంది. మొదటి యుద్ధంలో ఆగింది, రెండో యుద్ధంలో ఆగింది, ఇంకా ఆపకుండా ఏంటండీ. కానీ 1891 నుంచి లోపలి మెకానిజం పెద్దగా మారకుండా వందేళ్ళు దాటిందంటే మాత్రం ఒప్పుకోవాలి.

సరే బెంచ్ మీదకొద్దాం.

టేక్‌డౌన్ స్క్రూ చూడగానే కథ తెలిసింది, తలకాయ చుట్టూ ఉండే గరుకంతా పట్టకారుతో పట్టి తిప్పిన దెబ్బలు. ఇది వేలితో బిగించి నాణెంతో ఆఖరి పావు తిప్పు తిప్పాల్సిన స్క్రూ. హ్యామర్ ఫుల్ కాక్‌లో (పూర్తిగా వెనక్కి లాగి) పెట్టి స్క్రూ వదులు చేసి, ముందు భాగం ఒక చేత్తో, వెనకది ఒక చేత్తో పట్టుకుని పక్కకి లాగితే విడిపోవాలి, ఇది రాలేదు, రబ్బరు సుత్తితో మెల్లగా తట్టాల్సి వచ్చింది. విడిపోయాక చూస్తే రెండు ముక్కలు కలిసే ముఖాల మీద పాత గ్రీజు గట్టిపడి గార కట్టి ఉంది, అందులో మసి, చెక్క పొట్టు, సీసం రజను. దీని వల్ల రెండు భాగాలూ పూర్తిగా ఆనడం లేదు, ఆనకపోతే ఊగుతుంది, ఊగుతుందని పట్టకారుతో ఇంకా బిగించారు, బిగించినా ఆనేదేం లేదు ఎందుకంటే మధ్యలో గార ఉంది.

ఈ ఊగుడు ఊరికే చికాకు కాదు. 39ఏలో హ్యామర్, ట్రిగ్గర్, లివర్, క్యారియర్ వెనక భాగంలో ఉంటాయి, బోల్ట్, బ్యారెల్, ఎజెక్టర్ ముందు భాగంలో. అంటే కొట్టేది ఒక ముక్కలో, దెబ్బ తినేది ఇంకో ముక్కలో. మధ్య సందు వస్తే హ్యామర్ ఫైరింగ్ పిన్‌ని పూర్తి లోతుకి కొట్టదు, క్యారియర్ తూటాని ఛాంబర్‌కి సూటిగా చూపించదు. అందుకే నా దగ్గరికి ఏ 39ఏ వచ్చినా, కంప్లయింట్ ఏదైనా, ముందు ఈ జాయింట్ కడుగుతా, పొడిగా తుడిచి మళ్ళీ కలిపి నాణెంతో బిగించి ఫీలర్ గేజ్ (సందు కొలిచే సన్న రేకులు) పెట్టి చూస్తా. ఇక్కడ కడిగాక అతి సన్నటి గేజ్ రేకు కూడా దూరలేదు. స్క్రూ మరలు బాగానే ఉన్నాయి, తల మాత్రం అసహ్యంగా ఉంది, మార్చమంటారా అంటే వద్దు నాన్న చేతి దెబ్బలే అవి అంది ఆవిడ.

ఇప్పుడు ఎజెక్టర్. బోల్ట్ వెనక్కి జార్చి బయటికి తీసి లోపలికి టార్చ్ వేస్తే ఎడమ గోడలో ఎజెక్టర్ కనపడాలి, స్ప్రింగ్ మీద కొంచెం లోపలికి పొడుచుకొచ్చి ఉండాలి. ఇక్కడ గోడతో సమానంగా గాడిలో పడుకుని ఉంది, చూడగానే ఎవరికైనా విరిగిందనో స్ప్రింగ్ పోయిందనో అనిపిస్తుంది. కానీ 39ఏకి ఒక సదుపాయం ఉంది, చాలామందికి తెలీదు. బ్యారెల్‌ని వెనక నుంచి శుభ్రం చేసుకోవడానికి రాడ్‌కి ఎజెక్టర్ అడ్డం రాకుండా దాన్ని లోపలికి నొక్కి ఒక చిన్న స్టడ్ తిప్పితే అది అక్కడే లాక్ అయిపోతుంది, శుభ్రం అయ్యాక మళ్ళీ తిప్పి వదిలెయ్యాలి. ఎప్పుడో ఎవరో లాక్ చేసి క్లీన్ చేసి వదలడం మర్చిపోయారు, అంతే! స్క్రూడ్రైవర్ పెట్టి తిప్పితే మొదట కదల్లేదు, మసి పట్టి బిగుసుకుంది, చుక్క నూనె వేసి కాసేపాగి తిప్పితే టిక్ మని ఎజెక్టర్ బయటికి లేచింది. స్ప్రింగ్ కూడా బతికే ఉంది, ఇన్నేళ్ళు నొక్కుకుని ఉన్నా వేలితో నొక్కితే బలంగా తిరిగొస్తుంది. మరి ఇన్నాళ్ళు ఎలా కాల్చారు అంటే, ఆవిడే తర్వాత చెప్పింది, నాన్న లివర్ దించేటప్పుడు రైఫిల్‌ని కుడివైపుకి వంచేవాడట, షెల్ దానంతటదే జారి పడిపోయేది, అదే పద్ధతేమో అనుకున్నారు ఇంట్లో అందరూ.

ఇక్కడ ఒక మాట. షాపులో సగం పని ఇలాంటిదే, పాత వస్తువుకి కొత్తలో కాగితాలతో పాటు వచ్చిన జ్ఞానం పోయి ఉంటుంది. మాన్యువల్‌లో ఒక పేరాలో ఉన్న విషయానికి బ్యారెల్ మార్చమన్నారంటే ఏమనాలి.

తర్వాత లివర్ బిగుసుకోవడం. .22 షార్ట్ షెల్ పొడుగు దాదాపు 10.7 మిల్లీమీటర్లు, లాంగ్ రైఫిల్ షెల్ 15.6. ఛాంబర్ పొడుగుదానికి తగ్గట్టు తొలిచి ఉంటుంది, అందులో షార్ట్ పేలిస్తే షెల్ మూతికి ముందు దాదాపు 5 మిల్లీమీటర్ల ఛాంబర్ గోడ ఖాళీగా ఉండిపోతుంది, ప్రతిసారీ వేడి గ్యాసూ, మసీ, సీసం, మైనం అంతా అక్కడే కొడుతుంది. ఏళ్ళ తరబడి షార్ట్సే పేలిస్తే అక్కడ గట్టి మసి రింగు కడుతుంది, తర్వాత లాంగ్ రైఫిల్ పెడితే షెల్ ముందు భాగం ఆ రింగులో బిగుసుకుంటుంది, పేలినప్పుడు ఇత్తడి ఉబ్బి ఇంకా పట్టేస్తుంది. లివర్ బిగుసుకోవడం అంటే అదే. ఛాంబర్ అరిగితే కూడా షెల్ ఇరుక్కుంటుంది, అందుకే ఆ షాపు వాళ్ళు అలా అనుకుని ఉండొచ్చు, కానీ పేలిన షెల్ చూస్తే తేడా తెలిసిపోతుంది. అరిగినా గుంటలు పడినా ఇత్తడి వాటిలోకి ఉబ్బి చిన్న చిన్న బొడిపెలు కనిపిస్తాయి, ఇక్కడ షెల్ మూతి దగ్గర చుట్టూ ఒకే మట్టంగా నొక్కుకుపోయి నల్లగా ఉంది, అంటే ఛాంబర్ పెద్దదవలేదు, చిన్నదైంది.

తీసే పద్ధతికి ఓపిక కావాలి, బలం కాదు. ఎజెక్టర్ మళ్ళీ లాక్ చేసి (ఈసారి బెంచ్ మీద పసుపు కాగితం అంటించుకుని, తర్వాత వదలాలి అని), ఛాంబర్‌కి కార్బన్ కరిగించే సాల్వెంట్ పట్టించి రాత్రంతా వదిలేశా, పొద్దున ఛాంబర్‌కి సరిపడే కంచు బ్రష్‌తో వెనక నుంచి చేత్తో తిప్పుతూ రుద్దడం, గుడ్డ ముక్కతో తుడవడం, మళ్ళీ సాల్వెంట్. డ్రిల్ మిషన్‌కి బ్రష్ తగిలించి తిప్పేవాళ్ళని చూశా, వద్దు, పాత ఛాంబర్ అంచు ఒకసారి గుండ్రంగా అరిగితే దాన్ని వెనక్కి తేలేం. ఇనప బ్రష్ అసలే వద్దు. మొదట గుడ్డ తారు లాగా నల్లగా వచ్చింది, తర్వాత బూడిద రంగు, సీసం పొరలు పొరలుగా. ఇదంతా గ్లవ్స్ వేసుకునే చెయ్యాలి, సీసం, ప్రైమర్ మందు మసి చేతికంటి తిండిలోకి పోతే మంచిది కాదు. చివరికి బోర్‌స్కోప్ (బ్యారెల్ లోపల చూసే సన్న గొట్టం) పెట్టి చూస్తే షార్ట్ షెల్ మూతి ఆగే చోట గోడ మీద సన్నటి గరుకు చార ఉంది, గ్యాస్ కోసుకుపోయిన గుర్తు, అది పోదు, కానీ లోతు లేదు, షెల్‌ని పట్టదు. లాంగ్ రైఫిల్ తూటా ఇప్పుడు వేలితో తోస్తే జారుతుంది, వేలి గోరుతో లాగితే వస్తుంది.

ఇంకొకటి కూడా బోర్‌స్కోప్‌లో వెతికా, తుప్పు గుంటలు. 1920ల చివరి దాకా తూటాల ప్రైమర్లలో పొటాషియం క్లోరేట్ ఉండేది, పేలాక అది ఉప్పు లాంటి మడ్డి వదులుతుంది, తేమ లాగి బ్యారెల్‌ని లోపల తినేస్తుంది, 1897 మోడళ్ళు పైకి ఎంత బాగున్నా లోపల చందమామ లాగా ఉండేది అందుకే. 1950ది కాబట్టి ఇది తప్పించుకుంది, గాడులు శుభ్రంగా అంచులతో ఉన్నాయి.

మిస్‌ఫైర్లకి పేలని తూటా ఒకటి తెమ్మని ముందే చెప్పా. భూతద్దంలో చూస్తే రిమ్ మీద పిన్ ముద్ర ఉంది కానీ లోతు లేదు, అంచులు గుండ్రంగా ఉన్నాయి, మెల్లగా నొక్కినట్టు. జాయింట్ సందు ఒక కారణం, అది పోయింది. రెండోది బోల్ట్ లోపల, ఫైరింగ్ పిన్ జారే దారిలో పాత నూనె ఎండి వార్నిష్ లాగా తయారైంది, గోకితే గోధుమ రంగు పొలుసులు వస్తున్నాయి. ఇక్కడ పల్లెల్లో ఏది కదలకపోయినా ఇంట్లో ఉన్న ఏదో ఒక స్ప్రే డబ్బా కొట్టేస్తారు, అది ఆ పూటకి జారుతుంది, పదేళ్ళకి బంక అవుతుంది. బోల్ట్ విప్పి సాల్వెంట్‌లో నానబెట్టి పిన్ దారి శుభ్రం చేసి దాదాపు పొడిగానే కూర్చోబెట్టా. మూడోది ఛాంబర్ వెనక అంచు మీద, పిన్ వచ్చి తగిలే చోట, లోపలికి ఒత్తుకొచ్చిన చిన్న ముల్లు లాంటి మెటల్, తూటా లేకుండా ఖాళీగా ట్రిగ్గర్ నొక్కీ నొక్కీ పిన్ ఛాంబర్ అంచునే కొట్టిన గుర్తు. కొందరు దాన్ని ఆకురాయితో రాసేస్తారు, రాస్తే అక్కడ మెటల్ పోతుంది, రిమ్‌కి వెనక ఆనుడు తగ్గి ఇంకా మిస్‌ఫైర్లు. దానికి ఛాంబర్ ఐరన్ అని ఒక టూల్ ఉంది, కోసుగా నున్నగా ఉండే గట్టి ఉక్కు కడ్డీ, దాన్ని ఛాంబర్‌లోకి తోసి తిప్పితే ఒత్తుకొచ్చిన మెటల్‌ని కోయకుండా దాని చోటుకి వెనక్కి నెడుతుంది. ఆఖర్న హెడ్ స్పేస్ (మూసిన బోల్ట్ ముందు తూటా రిమ్‌కి ఉండే చోటు) కొలిచే గేజ్‌లు, .22కి 0.043 అంగుళం గేజ్ మీద బోల్ట్ మూసుకోవాలి, 0.046 మీద మూసుకోకూడదు. రెండూ పాస్. ఇది ముందే ఎందుకు కొలవలేదంటే, బంకా మసీ ఉన్న దాన్ని కొలిస్తే వచ్చేది మసి కొలత.

మ్యాగజైన్ ట్యూబ్ గురించి ఎక్కువ చెప్పక్కర్లేదు, బయటి ట్యూబ్ మీద చిన్న సొట్ట, లోపల ఇత్తడి ట్యూబ్ అక్కడ గీసుకుంటుంది, సరిపోయే గుండ్రటి కడ్డీ లోపల పెట్టి బయట నుంచి చెక్కతో తట్టి తీశా. ఇది 26 షార్ట్స్, 21 లాంగ్స్, 19 లాంగ్ రైఫిల్స్ పట్టే ట్యూబ్. లోపల నూనె వెయ్యకండి, నూనె తూటాలకి అంటి దుమ్ముని లోపలికి మోసుకుపోతుంది.

ఇక చెయ్యని పనులు, ఇవి చెప్పడమే కష్టం ఎందుకంటే కస్టమర్‌కి మెరుపు కావాలి. మనవడు రీబ్లూయింగ్ చేయిద్దాం కొత్తదిలా ఉంటుంది అన్నాడు. వద్దన్నా. పాలిష్ పెడితే ముద్రల అంచులు కరుగుతాయి, స్క్రూ రంధ్రాలు పళ్ళాల్లా అవుతాయి, రేటు సగం పడిపోతుంది. తుప్పు మచ్చలున్న చోట సన్నటి 0000 స్టీల్ ఊల్ నూనెలో తడిపి మెల్లగా రుద్దితే ఎర్ర తుప్పు పోయి కింద ముదురు గోధుమ రంగు మిగిలింది, దాన్ని అలా ఉండనిచ్చా. స్టాక్ వాల్‌నట్ చెక్క, కింద వైపు మార్లిన్ వాళ్ళు పొదిగే నలుపు తెలుపు బుల్స్ ఐ చుక్క ఉంటుంది, ఉప్పుకాగితం పెడితే ముందు పోయేది అదే. తడి గుడ్డతో జిడ్డు తీసి, లిన్‌సీడ్ నూనె అరచేత్తో పల్చగా రాసి, ఆరనిచ్చి తుడిచేశా. మూతి దగ్గర, బ్యారెల్ కొసన, ఒక పక్క కొంచెం అరుగుదల ఉంది, ఎజెక్టర్ లాక్ సంగతి తెలీక ముందు నుంచి రాడ్ దూర్చి తుడిచిన రోజులవి. మళ్ళీ క్రౌన్ (బ్యారెల్ కొస అంచు) కట్ చెయ్యొచ్చు, కానీ కాల్చి చూడకుండా లేత్ ఎక్కించడం నా పద్ధతి కాదు.

కాల్చి చూశాం. 25 గజాల్లో, సంచి మీద ఆనించి, స్టాండర్డ్ వెలాసిటీ లాంగ్ రైఫిల్, సెకనుకి 1,070 అడుగుల రకం, గుళ్ళన్నీ రూపాయి బిళ్ళ కింద దాగేంత దగ్గరగా పడ్డాయి. హై స్పీడ్ రకం కాస్త వెడల్పుగా పడ్డా ఫీడింగ్ బాగుంది. క్రౌన్ జోలికి పోలేదు. షెల్స్ అన్నీ కుడి పక్కకి ఎగిరి పడుతుంటే ఆవిడ ముందు ఉలిక్కిపడింది, తన జీవితంలో ఆ రైఫిల్ అలా విసరడం చూడలేదట.

షాపుకి వచ్చే తెలుగు కుర్రాడొకడు ఇదంతా చూసి "అన్నా నేనూ ఇలాంటిది ఒకటి కొంటా, పాతది చూసి పెట్టు" అన్నాడు. ఏ వీసా మీద ఉన్నావురా అంటే హెచ్ వన్. నాన్ ఇమిగ్రెంట్ వీసా మీద ఉన్నవాళ్ళు తుపాకీ కొనడం గానీ దగ్గర పెట్టుకోవడం గానీ ఫెడరల్ చట్టం ప్రకారం మామూలుగా కుదరదు, హంటింగ్ లైసెన్స్ లాంటి మినహాయింపులు కొన్ని ఉన్నాయి, కానీ అది నన్ను కాదు లాయర్‌ని అడగాలి, తప్పు చేస్తే వీసాతో పాటు అన్నీ పోతాయి. ఇది ఎంతమందికి చెప్పానో, రేంజ్‌కి వెళ్ళి ఫోటోలు పెట్టుకునే ఉత్సాహంలో ఎవరూ వినరు.

డెలివరీ రోజు ఆవిడకీ మనవడికీ కలిపి చూపించా, టేక్‌డౌన్ స్క్రూ నాణెంతోనే, కాల్చడానికి వెళ్ళే ముందు ఒకసారి, మధ్యలో ఒకసారి బిగుతు చూసుకోవాలి, కలిపేటప్పుడు హ్యామర్ ఫుల్ కాక్, రాకపోతే బలవంతం చెయ్యకుండా విప్పి మళ్ళీ. నూనె బోల్ట్ పక్కల ఒక చుక్క, లివర్ బోల్ట్‌ని తాకే చోట చిటికెడు గ్రీజు, హ్యామర్ ఇరుసుకి ఒక చుక్క, అంతకు మించి వద్దు. బ్యారెల్ ప్రతిసారీ రుద్దక్కర్లేదు, గురి తప్పుతున్నప్పుడో, చాలా రోజులు దాచే ముందో చాలు, ఛాంబర్ మాత్రం ప్రతిసారీ తుడవాలి, ఎప్పుడూ వెనక నుంచే. ప్రాక్టీస్‌కి ఖాళీగా ట్రిగ్గర్ నొక్కాలంటే ప్లాస్టిక్ డమ్మీ తూటాలు వాడుకోమని చెప్పా. ఎజెక్టర్ లాక్ ఆ అబ్బాయి చేత్తోనే వేయించి, తీయించి, మళ్ళీ వేయించి, తీయించా.

నాన్న షార్ట్స్ డబ్బాలు ఇంకా రెండు బీరువాలో ఉన్నాయి, పేల్చొచ్చా అని అడిగింది ఆవిడ. నిక్షేపంగా పేల్చండి, రైఫిల్ చేసిందే వాటి కోసం కూడా, కాకపోతే షార్ట్స్ పేల్చిన రోజు ఛాంబర్ బ్రష్ చేశాకే మళ్ళీ లాంగ్ రైఫిల్ పొయ్యండి అన్నా. బిల్లు లేబర్ మాత్రమే, రిజిస్టర్‌లో డెలివరీ తేదీ రాసి సంతకం పెట్టా.